పార్కు బోర్డు మీద మా నాన్న పేరు

మా ఊళ్ళో ఈమధ్య నీలం రంగు బోర్డులు లేచాయి. రైలు వస్తోందట. గోదావరి పాయల్లో వంతెన స్తంభాలు కనబడుతున్నాయి కాబట్టి ఈసారి నిజమే కావచ్చు. రేపు రైలు దిగి వచ్చేవాళ్ళకు చూపించడానికి మనకూ చరిత్ర అంటూ ఒకటి ఉండాలని పంచాయతీ వాళ్ళకు తోచింది. లాకుల దగ్గర ఒకటి, పాత ట్రావెలర్సు బంగళా గేటు పక్కన ఒకటి, ఒకప్పుడు రైలు టికెట్లు అమ్మిన పెంకుటిల్లు ముందు ఒకటి, పార్కు దగ్గర ఒకటి పాతించారు. బోర్డు కనబడితే చదవకుండా అడుగు ముందుకు వెయ్యలేని మనిషిని నేను. రెండో తరగతితో బడి మానేసి, గోడల మీద రాతలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాడికి ఆ అలవాటు చచ్చేదాకా పోదు. లాకుల బోర్డులో రెండు తప్పులున్నాయి. బంగళాలో ఎవరో దొర బస చేశాడని రాశారు. బస చేసింది దొర కాదు, దొర గుర్రాన్ని చూసుకునేవాడని మా ముసలాళ్ళు చెప్పుకునేవారు. పోనీలే అనుకుంటూ ఒక్కొక్కటీ దాటుకుని పార్కు దాకా వచ్చాను. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. "ఈ ఉద్యానవనానికి కావలసిన స్థలాన్ని నాటి పంచాయతీ ప్రెసిడెంటు గారు ఉదారంగా సమకూర్చారు" అని ఉంది. ఎక్కడి స్థలం, ఎవరిది, ఆయన ఎక్కణ్ణుంచి సమకూర్చాడు? నేను నిలబడి ఆ ముక్క చదువుతున్న చోటు మా వంటపాక.

ఆ ఊపులోనే పక్కనున్న పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాను. గట్టిగానే మాట్లాడి ఉంటాను, వరండాలో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. కార్యదర్శి పాతికేళ్ళ అమ్మాయి. కంగారు పడలేదు.

“కూర్చోండి తాతగారూ. ముందు మంచినీళ్ళు తాగండి.”

“మంచినీళ్ళకి రాలేదమ్మా. పోరంబోకు స్థలం ప్రెసిడెంటు గారు ఉదారంగా ఇవ్వడం ఏవిటి? వాళ్ళ తాతగారి ఆస్తా అది?”

“పాతవాళ్ళు చెప్పింది రాయించామండి.”

“పాతవాణ్ణి నేనున్నాను కదా. నన్నెవరడిగేరు?”

“ఇప్పుడు అడుగుతున్నాను కదండీ, చెప్పండి.”

చెప్పాను. అక్కడ అయిదు ఇళ్ళుండేవనీ, అందులో మొదటిది మాదనీ, ఊరికి రైలు వస్తుందంటే మా నాన్న నిండు మనసుతో ఇల్లు విప్పుకుని వెళ్ళిపోయాడనీ చెప్పాను. కాగితం ఏదైనా ఉందా అని అడిగింది. కాగితం మీ ఆఫీసులో ఉండాలన్నాను. ఆ కట్టలన్నీ చెదలు తినేశాయంది. కాసేపు పెన్ను బల్ల మీద తాటించి, “ఓ పని చేద్దామండి,” అంది. “మీ నాన్నగారు ఊరి కోసం ఇష్టపూర్వకంగా ఇల్లు వదులుకున్నారని కుటుంబంలో ఇద్దరు సంతకం పెట్టి రాసివ్వండి. ఆయన పేరుతో ఓ లైను కలిపిస్తాను. పెయింటరు వచ్చే గురువారం దాకా ఊళ్ళోనే ఉంటాడండి.”

కుటుంబంలో మిగిలింది నేనూ, సఖినేటిపల్లిలో ఉన్న మా అక్కా. ఇంకేం, పని అయిపోయిందనుకున్నాను.

మా నాన్న పేరు గాబ్రియేలు. కొబ్బరికాయలు ఒలిచే పని. ఇనప గునపాన్ని మొన పైకి వచ్చేటట్టు నేలలో పాతి, కాయని దాని మీద గుచ్చి మెలితిప్పితే మూడు తిప్పుల్లో డొక్క ఊడిపోయేది. రోజుకు ఎన్ని వందలు ఒలిచేవాడో ఆయనకే తెలీదు, సాయంత్రం భుజం చెప్పేది. ఇంటికొచ్చాక బూడిదా చింతపండూ కలిపి చేతులు తోముకునేవాడు. ఆ పచ్చి డొక్కల మరక పోయేది కాదు. పోదని తెలిసీ ప్రతి సాయంత్రం అంతసేపూ తోమేవాడు. మా ఇంటి వాసన అంటే నాకు ముందు గుర్తొచ్చేది నానిన పీచు వాసన, తర్వాత కొబ్బరిమట్టలు రాజుకునేటప్పుడు వచ్చే తియ్యటి పొగ, ఆ పైన మా అమ్మ చిన్నరొయ్యల్లో వేసే చింతచిగురు. అన్నం దించాక ప్రార్థన. మా అమ్మ కళ్ళు మూసుకునేది. మా నాన్న నిలబడి, కళ్ళు తెరుచుకుని, కూరగిన్నె వైపే చూస్తూ ప్రార్థన చేసేవాడు. “దేవుడు నీ ఎదురుగా ఉన్నాడా, గిన్నెలో ఉన్నాడా?” అని మా అమ్మ అడిగితే, “పిల్లి ఉందే గుమ్మంలో. దాన్నెవరు చూస్తారు?” అనేవాడు. తాటాకు ఇల్లు, మట్టి గోడలు, చుట్టూ దడి, పెరట్లో ఆయన పాతిన రెండు కొబ్బరి చెట్లు. ఒకటి కాపుకొచ్చింది. ఒలిచే పని జీవితమంతా ఇతరుల కాయలతోనే చేసినవాడికి ఆ ఒక్క చెట్టు మీద ఎంత అపేక్ష ఉంటుందో అప్పుడు నాకు తెలీలేదు.

నేనూ ఇరవయ్యో ఏట నాన్న పనిచేసే కొబ్బరి కొట్టులోనే గునపం ముందు నిలబడ్డాను. కొట్టు పక్కనే రైలు టికెట్ల ఆఫీసు. రైలు లేని ఊరికి టికెట్ల ఆఫీసు ఏవిటని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఉండేది. ఒకటే గది. అందులో గుమాస్తా గారు అట్ట టికెట్టు కోసి ఇస్తే, అది పట్టుకుని బస్సెక్కి సఖినేటిపల్లి రేవుకు వెళ్ళి, పంటు మీద గోదావరి దాటి, నరసాపురంలో రైలెక్కేవారు. కొబ్బరి బస్తాలు కూడా అక్కడే బుక్కయ్యేవి. ఆ గది గోడకు రైళ్ళ టైముల పట్టిక ఒకటి, తలుపంత ఉండేది. మధ్యాహ్నం గంజి తాగాక అందరూ డొక్కల గుట్ట మీద నడుం వాలిస్తే నేను ఆ పట్టిక ముందు నిలబడేవాణ్ణి. గుమాస్తా గారు అడ్డు చెప్పలేదు. పైగా తప్పు చదివితే కిటికీలోంచే దిద్దేవారు. భీమవరం, నిడదవోలు, సామర్లకోట, తుని. అక్షరాలు నాకు పట్టుబడింది ఆ ఊళ్ళ పేర్లతోనే. ఏడాది తిరిగేసరికి ఏ బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. ఎక్కింది మాత్రం ఒక్కసారి, నిడదవోలు దాకా. అయినా మా పేటలో రైలు సంగతి ఏదైనా నన్నే అడిగేవారు.

మా కోనసీమ మనుషులకు రైలు అంటే ఎంత ఆశో బయటివాళ్ళకు తెలీదు. కోటిపల్లి దాకా వచ్చిన పట్టాలను యుద్ధం రోజుల్లో పీక్కుపోయారని మా తాత కాలం నుంచీ వింటున్నాం. పీక్కుపోయినవాళ్ళు ఎప్పటికైనా మళ్ళీ తెచ్చివేస్తారని, ఇంకాస్త ముందుకు, మా ఊరి దాకా వేస్తారని అందరి నమ్మకం. దానివల్ల ఊళ్ళో ఎవరు గొలుసు పట్టుకుని నేల కొలిచినా, వాళ్ళు కాలవ పూడిక కోసం వచ్చారా, కరెంటు స్తంభాల కోసం వచ్చారా అని ఎవరూ అడిగేవారు కాదు. రైలు వాళ్ళొచ్చేరు అనేవారు. అటువంటి కొలతలు నా ఎరికలోనే మూడు జరిగాయి. నాలుగోది మా పేటలో జరిగింది. దివిసీమ ఉప్పెనకు ముందో తర్వాతో ఇప్పుడు చెప్పలేను. ఎరుపూ తెలుపూ పట్టీల కర్రలు తెచ్చి మా దడి పక్కన పాతారు. వాళ్ళలో ఒకణ్ణి ఇది రైలుకేనా అని అడిగాను. అతను నవ్వి గొలుసు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. గవర్నమెంటు వాళ్ళు అన్నీ బయటికి చెప్పరు కదా అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

నెల తర్వాత నోటీసులొచ్చాయి. మా వైపు అయిదు ఇళ్ళకూ, పక్క సందులో నాలుగు ఇళ్ళకూ. ప్రజా ప్రయోజనం నిమిత్తం ఖాళీ చెయ్యవలెను అని ఉంది, ఏ ప్రయోజనమో లేదు. పేటంతా మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. నేను దీపం దగ్గర నిలబడి గొంతు సవరించుకుని చదివి, స్టేషను ఇక్కడే కడతారని చెప్పాను. ఆ చెప్పడం నాకు బాగా గుర్తు. నాలుగు మైళ్ళ దూరంలో ఏ పట్టా లేకపోయినా స్టేషను ఎక్కడొస్తుందో, గేటు ఎటు ఉంటుందో, సరుకు ఎటు దించుతారో చేతులతో చూపించాను. ఆ తర్వాత జరిగింది నా జ్ఞాపకంలో ఇలా ఉంది. మా నాన్న చుట్ట ఆర్పి లేచి, “మనింటి మీంచే పోద్దన్నమాటరా బండి,” అన్నాడు. ఆ ఆదివారం గుడి నుంచి వచ్చి తనే నిచ్చెన వేసుకుని ఇంటికప్పు విప్పాడు. ఆయన పంచె అంచుకు సిరా మరక. అమ్మ దాన్ని కాలవ రేవులో బండకేసి బాది, పోలేదని విసుక్కుంది. ఇల్లు ఇచ్చేస్తున్నట్టు వేలిముద్ర వేసి వచ్చాడు కాబట్టి ఆ సిరా. ఇలా చెబుతూ వచ్చాను ఇన్నాళ్ళూ, పెళ్ళిళ్ళలోనూ సమాధుల పండగల్లోనూ, వినేవాళ్ళు దొరికిన చోటల్లా.

కాలవ గట్టు మీద పాక వేసుకున్నాం. మా పాత చోట మట్టి తోలారు, చదును చేశారు. మా నాన్న పాతిన, కాపుకొచ్చిన చెట్టు కూడా కొట్టేశారు. సిమెంటు బెంచీలు దిగాయి. చూశారా, ప్లాటుఫారం బెంచీలు అన్నాను. మధ్యలో గుండ్రంగా తవ్వి నీళ్ళు చిమ్మే తొట్టి కట్టారు. ఇంజనుకు నీళ్ళు పట్టడానికి అన్నాను. పూలమొక్కలు పాతారు. మా నాన్న ఆ రోజు పని నుంచి వస్తూ ఆగి చాలాసేపు చూసి, ఇంటికొచ్చి అడిగాడు.

“పట్టాలెప్పుడేస్తారంటరా?”

“ముందు తోట వేస్తారు నాన్నా. నిడదవోలు స్టేషను ముందు కూడా తోటుంది.”

“బండి కన్నా ముందు పూలెందుకురా?”

“దిగినోళ్ళకి కళగా ఉండొద్దూ?”

ప్రారంభం రోజున రిబ్బను కత్తిరించి, మైకులో పార్కు అన్నారు. స్టేషను అన్న మాటే లేదు. నీళ్ళ తొట్టి ఆ ఒక్క సాయంత్రం చిమ్మింది.

అయితే ఇక్కడే నాకు ముడి విడదు. ఆ పార్కులో ఓ మూల చదువుకునే గది కట్టారు. రోజూ రెండు పేపర్లు, వారపత్రికలు, ఓ బీరువా పుస్తకాలు. గది పైన రేడియో మైకు, సాయంత్రం వార్తలు ఊరంతా వినబడేవి. ఆ తర్వాత పదేళ్ళూ, కొట్టులో పని అవగానే, నేను అక్కడే ఉన్నాను. బీరువా మూడుసార్లు మొదటినుంచి చివరిదాకా చదివాను. ఇవాళ నలుగురూ నా చేత అర్జీలు రాయించుకుంటున్నారన్నా, ఈ నాలుగు ముక్కలు ఇలా రాస్తున్నానన్నా ఆ గది పుణ్యమే. మా గోడలు పడగొట్టిన చోటే నాకు చదువొచ్చింది. దానికి సంతోషించాలో ఏడవాలో అప్పుడూ తెలీలేదు. ఇప్పుడా గదిలో గడ్డి కోసే యంత్రం పెట్టి తాళం వేశారు. పార్కు నిండా ఫోటోలు తీసుకోవడానికి రంగుల అక్షరాలున్నాయి, చదవడానికి కాగితం ముక్క లేదు. మా నాన్న ఆ రేడియో కింద బెంచీ మీద కూర్చుని వార్తలు వినేవాడని కూడా నాకు గుర్తు. ఆ గుర్తే నాకు ధైర్యం. తన చోట్లో తను కూర్చున్నాడు కదా అని.

మంగళవారం నాడు కాగితం రాసుకుని సఖినేటిపల్లి బస్సెక్కాను. మా అక్క పేరు కరుణమ్మ, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఇల్లు విప్పిన రోజుల్లో పురిటికి వచ్చి మా దగ్గరే ఉంది. ఇప్పుడు రేవుకు దగ్గర్లో కొడుకు ఇంట్లో ఉంటుంది. వెళ్ళేసరికి అరుగు మీద పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. కాగితం చూపించి, చదివి వినిపించాను.

“ఇష్టపూర్వకంగానా? ఎవరూ?”

“నాన్న.”

“అయితే నేను సంతకం పెట్టనురా అబ్బులూ.”

హాస్యం అనుకున్నాను. “బోర్డు మీద పేరొస్తాదక్కా. ప్రెసిడెంటు గారి పేరు పక్కన.”

“రావద్దనలేదు. ఆ మాట తీసెయ్యి, పెడతాను. రెండ్రోజులు అన్నం ముట్టలేదు నాన్న. నీకు గుర్తు లేదా?”

“జ్వరం కదూ.”

“జ్వరం కాదు, నువ్వు.”

రొయ్యలు పక్కకు పెట్టి చేతులు కడుక్కుంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. పక్క సందువాళ్ళు ఇళ్ళు వదలం అని అర్జీ రాయించుకుని, మమ్మల్నీ కలుపుకుందామని మా ఇంటికి వచ్చారట. మా నాన్న సరే అన్నాడట. బొటనవేలికి సిరా కూడా రాశారట. అప్పుడు నేను కొట్టు నుంచి వచ్చానట.

“కాగితం లాక్కున్నావురా. రైలుకి అడ్డం పడిపోయేరంటే నలుగురూ నవ్వుతారు నాన్నా, గుమాస్తా గారికి నా మొహం ఎలా చూపించను అన్నావు. అందరి ముందూ. చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని నేనక్కడే ఉన్నాను. వర్షాలు వెళ్ళేదాకా అయినా ఆగుదావన్నాను, విన్నావా?”

“నాన్నేమన్నాడు?”

“ఏమంటాడు? చదువుకున్నోడివి నువ్వు. వేలు పంచెకి తుడిచేసుకున్నాడు.”

సిరా మరక. బండకేసి బాదుతున్న అమ్మ. ఆ రెండూ నాకు నిన్న చూసినంత స్పష్టంగా ఉన్నాయి. కానీ వాటికి ముందూ వెనకా నేను అల్లుకున్న కథ వేరు. వేసిన వేలిముద్ర అనుకున్నాను, అది వెయ్యనివ్వని వేలిముద్ర. నిజంగా అంతేనా? అక్కకి డెబ్భై అయిదేళ్ళు, ఆమె కూడా ఏదైనా అల్లుకుని ఉండకూడదా? “పోనీ, తర్వాత పార్కుకి వచ్చేవాడు కదా, రేడియో కింద కూచుని వార్తలు...” అన్నాను.

“గేటు దాటలేదురా ఏనాడూ. రోడ్డవతల తూము మీద కూచునేవాడు. మైకు అక్కడికి వినబడేది. నువ్వు లోపల పుస్తకంలో ఉండేవోడివి, ఎప్పుడైనా తలెత్తి చూసేవా?” అని, రొయ్యలు మళ్ళీ ముందుకు లాక్కుని, “అన్నం తినేసి వెళ్ళు. బస్సుకి టైముంది,” అంది.

తిన్నాను. ఏం తిన్నానో చెప్పలేను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ తూమును జ్ఞాపకం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. తూము వస్తుంది, మా నాన్న రాడు. బెంచీని తలుచుకుంటే బెంచీ వస్తుంది, దాని మీద మా నాన్న ఉన్నాడు, కానీ మొహం అటు తిప్పుకుని ఉన్నాడు. ఏది చూసింది, ఏది అనుకున్నది? అర్జీ పెట్టుకున్న పక్క సందువాళ్ళకు ఇల్లు పోలేదు. తర్వాత ఇళ్ళస్థలాల పట్టాలు కూడా ఇచ్చారు, ఆ నాలుగు ఇళ్ళూ ఇవాళ మేడలు. అది నాకు ఎప్పటినుంచో తెలుసు. వాళ్ళకు పలుకుబడి ఉందనీ, మాకు ప్రెసిడెంటు గారు అన్యాయం చేశారనీ యాభై ఏళ్ళుగా తిడుతున్నాను. ఆయన చేసిన అన్యాయం లేకపోలేదు. ఏ పనికో చెప్పకుండా నోటీసిచ్చినవాళ్ళను నేను ఇవాళా క్షమించను. కానీ వాళ్ళు చెప్పకుండా వదిలేసిన దాన్ని నింపింది ఎవరు? చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. రాసి లేనిదాన్ని కూడా చదివాను.

గురువారం పొద్దున్నే పార్కుకు వెళ్ళి బెంచీ మీద కూర్చుని మూడు కాగితాలు పాడుచేశాను. నాలుగో దాని మీద రాసింది ఇది: “ఈ స్థలంలో కొబ్బరికాయలు ఒలిచే గాబ్రియేలు కుటుంబం కాపురం ఉండేది. ఇల్లు వదలడం ఆయనకు ఇష్టం లేదు. రైలు వస్తుందని చెప్పి కొడుకు ఒప్పించాడు.” కింద నా సంతకం పెట్టి, పక్కన అక్క కోసం చోటు వదిలాను. ఈ ముక్కకైతే ఆమె పెడుతుంది.

కార్యదర్శి అమ్మాయి రెండుసార్లు చదివింది. పెయింటరు రంగు డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“బోర్డు మీద ఇలా ఎవరూ రాయించుకోరండి తాతగారూ.”

“జరిగింది అదేనమ్మా. అదే అనుకుంటున్నాను.”

“ఇష్టపూర్వకంగా అని మీరే కదండీ చెప్పేరు.”

“అప్పుడు నాకు అలాగే తెలుసు.”

ఆ అమ్మాయి నా మొహం వైపు చూసింది. నవ్వలేదు, జాలీ పడలేదు, అందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది. కాగితాన్ని మడవకుండా ఫైల్లో పెట్టుకుని, “సరేనండి. ఇప్పటి ప్రెసిడెంటు గారితో నేను మాట్లాడతాను,” అంది. తర్వాత పెన్ను తీసి, “మీ నాన్నగారి పేరు ఉంది. కొడుకు పేరు కూడా రాయమంటారాండి?” అని అడిగింది.

బోర్డు మీద పేరుండటం గౌరవమనే కదా ఇంత రభస చేశాను. ఆయన పేరు కింద నా పేరు ఉంటే అది నాకు పడవలసిన శిక్షా, లేక ఆయన చోట్లోకి నేను రెండోసారి దూరిపోవడమా? నా పేరు రాయకపోతే మాత్రం, ఎవరో కొడుకు అని చదువుకుని జనం వెళ్ళిపోతారు, నేను పక్కన నిలబడి విని ఊరుకోవచ్చు. అది ఇంకా సిగ్గు.

“ఆలోచించుకుని చెప్తానమ్మా,” అన్నాను. పెయింటరు డబ్బా మూత బిగించుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి మూడు గురువారాలు వెళ్ళాయి. ఇంకా చెప్పలేదు.